హైదరాబాద్‌లో చెఫ్ కావాలంటే: పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వస్తే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, చెఫ్ అవ్వాలంటే ఏం చదవాలి?" అని పిల్లలు, "మావాడు వంట పని నేర్చుకుంటానని పట్టుబట్టాడు, పంపమంటారా?" అని వాళ్ల నాన్నలు. హోటల్ కిచెన్‌లో కొత్తగా చేరే ట్రైనీలకు పని నేర్పడం నా డ్యూటీలో భాగం కాబట్టి ఈ ప్రశ్నలు నాకు కొత్త కాదు. జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

వంటంటే నాకు చాలా ఇష్టం. చెఫ్ అవ్వడానికి అది సరిపోతుందా?

ఇష్టం లేకపోతే ఈ పనిలో ఆరు నెలలు కూడా నిలబడలేరు. అయితే ఏది ఇష్టమో ముందు తేల్చుకోండి. ఆదివారం ఇంట్లో చికెన్ వండి, అందరూ బాగుందంటే వచ్చే సంతోషం వేరు. అదే కూరను శనివారం రాత్రి అరవై ప్లేట్లు పంపి, అరవయ్యో ప్లేటు కూడా మొదటి దానిలాగే ఉండేలా చూడటం వేరు. చెఫ్‌కి జీతం ఇచ్చేది రెండో పనికి.

అందుకే ఎవరడిగినా ఒకటే చెప్తాను. లక్షలు ఫీజు కట్టేముందు ఒక నెల ఏదో ఒక కిచెన్‌లో పనిచేయండి. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ వాళ్లకు మనుషులు ఎప్పుడూ తక్కువే. మీ కాలనీలో కర్రీ పాయింట్ ఉంటుంది, బేకరీ ఉంటుంది. జీతం గురించి పట్టించుకోకుండా అడగండి, చాలామంది రానిస్తారు. మొదటి వారం కాళ్లు లాగుతాయి, వేడికి తల తిరుగుతుంది. అది అందరికీ జరిగేదే. మూడో వారంలో పొద్దున లేవగానే అక్కడికి వెళ్లాలనిపిస్తోందా లేదా, అది చూసుకోండి. వెళ్లాలనిపిస్తే ఇంట్లో వాళ్లతో ధైర్యంగా మాట్లాడొచ్చు. అనిపించకపోతే మీ నాన్నగారి డబ్బు, మీ మూడేళ్లు మిగిలాయి.

ఇంటర్‌లో ఏ గ్రూపు ఉండాలి? ఎక్కడ చదవాలి?

ఏ గ్రూపైనా పర్వాలేదు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని తేడా లేదు. ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, మన ఇంటర్‌లో అందరికీ ఉంటుంది.

కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఐహెచ్ఎం హైదరాబాద్ విద్యానగర్‌లో, డీడీ కాలనీలో ఉంది. అందులో మూడేళ్ల బీఎస్సీకి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ పరీక్షను జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. నోటిఫికేషన్ మామూలుగా ఇంటర్ పరీక్షలకంటే ముందే వచ్చేస్తుంది. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అని కూర్చున్నవాళ్లకు ఆ ఏడాది పోతుంది. గచ్చిబౌలిలో నిథమ్ అనే టూరిజం, హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంది. బేగంపేటలో 1996 నుంచి నడుస్తున్న కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది. ఊరు దాటి వెళ్లగలిగితే తిరుపతిలో పర్యాటక శాఖ వాళ్లదే ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

చేరేముందు ఒక తేడా గమనించండి. హోటల్ మేనేజ్‌మెంట్ అంటే ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, సర్వీస్, కిచెన్ నాలుగూ నేర్పుతారు. కలినరీ కోర్సులో మీ టైమంతా కిచెన్‌లోనే గడుస్తుంది. వంట తప్ప ఇంకేదీ వద్దు అని ఖాయంగా అనుకున్నవాళ్లకు రెండోది మంచిది. ఇంకా సందేహం ఉంటే మొదటిది, హోటల్లో వేరే డిపార్ట్‌మెంట్‌కు మారే దారి ఉంటుంది.

పదో తరగతితో ఆగిపోయాను. నాకు దారి ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు కూడా. ఐహెచ్ఎంలలో పదో తరగతి అర్హతతో ఫుడ్ ప్రొడక్షన్ (వంట), పటిస్సెరీ (కేకులు, పేస్ట్రీలు)లో ఏడాదిన్నర క్రాఫ్ట్ కోర్సు ఉంటుంది. ఐటీఐల్లో ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడ్ ఉంది, బేకర్ అండ్ కన్ఫెక్షనర్ ట్రేడ్ ఉంది. రెండూ ఏడాదివే. ఐటీఐ అంటే ఫిట్టర్, ఎలక్ట్రీషియనే అనుకుంటారు మనవాళ్లు. పర్యాటక శాఖ "హునర్ సే రోజ్‌గార్ తక్" అనే ఉచిత శిక్షణ కూడా పెట్టింది, తక్కువ చదువుకున్న యువత కోసమే అది. కొత్త బ్యాచ్ ఎప్పుడో డీడీ కాలనీ క్యాంపస్‌కు వెళ్లి అడగండి. అప్రెంటిస్‌షిప్ కింద కూడా హోటళ్లు పిల్లల్ని తీసుకుంటాయి, స్టైపెండ్ ఇస్తాయి.

క్రాఫ్ట్ కోర్సు చేసిన పిల్లాడు, డిగ్రీ చేసిన పిల్లాడు ఒకే రోజు ఒకే సెక్షన్‌లో చేరడం నేను తరచూ చూస్తాను. మొదటి రెండేళ్లు ఇద్దరి మధ్య తేడా చేతి పనిలోనే తెలుస్తుంది. డిగ్రీ విలువ తర్వాత, ప్రమోషన్ల దగ్గర తెలుస్తుంది.

ప్రైవేటు కాలేజీలు చాలా ఉన్నాయి. మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

బ్రోషర్ పక్కన పెట్టి ప్రాక్టికల్ జరుగుతున్న టైమ్‌లో వెళ్లండి. ఎంతమంది పిల్లలకు ఎన్ని బర్నర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ప్రతి విద్యార్థి సొంతంగా వండుతున్నాడా, లేక సార్ వండుతుంటే ముప్పై మంది చుట్టూ నిలబడి నోట్స్ రాసుకుంటున్నారా చూడండి. రెండోది కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. చూస్తే చెయ్యి తిరగదు.

తర్వాత నిరుటి పిల్లల్ని ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి ఏ హోటళ్లకు పంపారో పేర్లు అడగండి. వాళ్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడతామని అడగండి. "వంద శాతం ప్లేస్‌మెంట్" అని బోర్డు పెట్టిన కాలేజీ ఈ రెండో మాటకు నీళ్లు నమిలితే విషయం మీకు అర్థమైనట్టే.

కాలేజీకి పోకుండా ఉస్తాద్ దగ్గరే పని నేర్చుకోవచ్చా?

ఈ ప్రశ్న హైదరాబాద్‌లోనే అడగాలి. ఈ ఊరికి 2019లో యునెస్కో గ్యాస్ట్రానమీ నగరంగా గుర్తింపు వచ్చింది. హైదరాబాదీ హలీమ్‌కి 2010లోనే జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి ప్రత్యేక వంటగా గుర్తింపు వచ్చింది. ఆ పేరు తెచ్చిపెట్టిన వంటవాళ్లలో ఎక్కువమంది ఏ కాలేజీ గడపా తొక్కలేదు. తండ్రి పక్కన, మామ పక్కన, ఉస్తాద్ పక్కన నిలబడి నేర్చుకున్నారు. వాళ్ల దగ్గరున్న పని పుస్తకంలో దొరకదు.

కచ్చి గోష్ట్ బిర్యానీనే తీసుకోండి. పచ్చి మటన్‌కి పచ్చి బొప్పాయి, పెరుగు, అల్లంవెల్లుల్లి, వేయించిన ఉల్లిపాయ, పుదీనా పట్టించి దేగ్, అంటే పెద్ద వంట పాత్ర అడుగున పరుస్తారు. మాంసం అసలు ఉడకలేదు, పైన వేసే బియ్యం సగం ఉడికింది. రెండూ ఒకేసారి సిద్ధం కావాలి. అందుకని బియ్యాన్ని ఒకేసారి వార్చరు. మాంసం మీద పడే మొదటి పొర సగం పలుకుండగానే తీస్తారు, కింది పెరుగు తడి తాగి అది ఉడుకుతుంది. మధ్య పొర ఇంకాస్త ఉడికాక, పై పొర దాదాపు అయిపోయాక తీస్తారు, ఎందుకంటే పైకి ఆవిరి తప్ప తడి రాదు. గిన్నెలో ఒకే బియ్యం మరుగుతుంటుంది, ఉస్తాద్ మాత్రం మూడుసార్లు మూడు రకాల బియ్యం తీస్తాడు. రెండు వేళ్ల మధ్య గింజ నలిపి చూస్తాడంతే, గడియారం వైపు చూడడు. తర్వాత మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, పైన నిప్పులు వేస్తాడు. కొంతసేపటికి దేగ్ దగ్గర చెవి పెడతాడు. లోపల కుతకుతలాడే చప్పుడు ఉన్నంతసేపు తడి ఉన్నట్టు. అది చిటపటగా మారుతుంటే తడి ఇగిరిపోతోంది, మంట తీసెయ్యాలి. ఈ చప్పుళ్ల తేడా తెలియాలంటే దేగ్ పక్కన నిలబడాల్సిందే.

హలీమ్ కూడా అంతే. రంజాన్ నెలలో భట్టీల (పెద్ద పొయ్యిల) దగ్గర గోధుమలు, మాంసం పది పన్నెండు గంటలు ఉడుకుతాయి. ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా నిలబడి పొడుగాటి కర్రలతో దంచుతూనే ఉంటారు. ఎంత దంచితే మాంసం పీచు కనబడకుండా గోధుమతో కలిసి సాగుతుందో చేతికి తెలియాలి. మీకు ఖాళీ ఉంటే ఒక రంజాన్ నెల ఏదైనా చిన్న హోటల్ భట్టీ దగ్గర పనిచేసి చూడండి. ఆ నెల మీ బయోడేటాలో రాసుకోదగ్గది.

అయితే ఈ దారిలో లోటు కూడా ఉంది. కాగితాలుండవు. ప్లేటుకి ఎంత ఖర్చవుతోందో లెక్క కట్టడం, రెసిపీని గ్రాముల్లో రాయడం, స్టాక్ రాసుకోవడం చాలా చోట్ల నేర్పరు. పెద్ద హోటల్లో ఇవి రాకపోతే పైకి పోలేరు. పని వచ్చి సర్టిఫికెట్ లేనివాళ్లకు ఆర్‌పీఎల్ అనే పథకం ఉంది. మీకు ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి ప్రభుత్వ గుర్తింపు ఇస్తారు. నన్నడిగితే రెండూ కలపండి. కాలేజీలో చదువుతూ సెలవుల్లో ఉస్తాద్ దగ్గర, లేదా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని తర్వాత ఒక చిన్న కోర్సు. నాకు తెలిసిన మంచి చెఫ్‌లు చాలామంది అలా వచ్చినవాళ్లే.

చేరగానే ఏం పని ఇస్తారు?

ఉల్లిపాయలు. బస్తాలకు బస్తాలు. తర్వాత అల్లంవెల్లుల్లి, కొత్తిమీర ఏరడం, రొయ్యలు ఒలవడం. కొత్తవాళ్లను కమీ అంటారు, అందులో మూడో గ్రేడ్‌తో మొదలవుతారు. దాని పైన కమీ రెండు, కమీ ఒకటి, తర్వాత డెమీ అంటే సెక్షన్ బాధ్యుడికి సహాయకుడు, సీడీపీ అంటే ఒక సెక్షన్‌కి బాధ్యుడు, ఆ పైన కిచెన్‌లో రెండో స్థానం సూ చెఫ్, అందరి పైన ఎగ్జిక్యూటివ్ చెఫ్. తందూర్, ఇండియన్, కాంటినెంటల్, కోల్డ్ కిచెన్ (సలాడ్ల లాంటి చల్లని వంటకాలు), బేకరీ, హల్వాయి (మిఠాయిలు) అని సెక్షన్లుంటాయి. మొదటి ఏడాది ఎన్ని తిరిగితే అంత మంచిది.

ఉల్లిపాయలు కోయించడం శిక్ష అనుకోవద్దు. బిరిస్తాకి, అంటే ఎర్రగా వేయించే ఉల్లిపాయకి, తరిగిన ఉల్లి అంతా ఒకే మందంలో లేకపోతే, సన్నవి మాడిపోయేసరికి లావువి ఇంకా తెల్లగానే ఉంటాయి. ఆ మాడిన నాలుగు ముక్కల చేదు దేగ్ మొత్తానికి ఎక్కుతుంది. మీ చేతి కింద పనిమీదే పైవాడి వంట ఆధారపడి ఉంటుందని అలా తెలుస్తుంది.

ఆ రోజుల్లోనే చాపింగ్ బోర్డు కింద తడి గుడ్డ వేయడం, డబ్బా మీద తేదీ రాసి అంటించడం, పాతది ముందు వాడటం, వేడి గిన్నెతో నడుస్తూ "హాట్!" అని అరవడం అలవాటు చేసుకోండి. పచ్చి మాంసానికి ఎర్ర బోర్డు, చేపకు నీలం, కూరగాయలకు ఆకుపచ్చ. వండిన ఆహారం అయిదు నుంచి అరవై డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉండకూడదు, ఆ వేడిలోనే క్రిములు త్వరగా పెరుగుతాయి. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. ఇవి పరీక్ష కోసం బట్టీ పట్టే మాటలు కావు. మీరు వండింది తినే మనిషి మీ ముఖం కూడా చూడడు, మిమ్మల్ని నమ్మి తింటాడు. ఈ విషయంలో మాత్రం నేను ట్రైనీలను ఒక్కసారి కూడా వదిలిపెట్టను.

జీతం ఎంత వస్తుంది?

మొదట్లో తక్కువ. పెద్ద హోటల్లో చేరినా మామూలుగా పదిహేను, ఇరవై వేల మధ్యే మొదలవుతుంది. భోజనం, యూనిఫాం హోటల్‌వే. సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్‌తో పోల్చుకుంటే మొదటి మూడేళ్లు కష్టంగా ఉంటుంది, ఇంట్లో కూడా మాటలు పడాల్సి వస్తుంది. సీడీపీ అయ్యాక పరిస్థితి మారుతుంది. సూ చెఫ్ అయ్యాక బాగా మారుతుంది. అయితే ఏళ్లు గడిచినంత మాత్రాన ప్రమోషన్ రాదు. ఎన్ని సెక్షన్లు ఒంటరిగా నడపగలరన్నదే చూస్తారు. రెండు వేలు ఎక్కువిస్తున్నారని ఆరు నెలలకోసారి హోటల్ మారే పిల్లలున్నారు. ఎక్కడా ఒక పని పూర్తిగా నేర్చుకోరు, అయిదేళ్లకు కూడా అదే గ్రేడ్‌లో ఉంటారు.

పండగలకు ఇంటికి రావచ్చా?

చాలాసార్లు కుదరదు. అందరూ సెలవు పెట్టే రోజే మనకు పని. డిసెంబర్ 31 రాత్రి, పెళ్లి ముహూర్తాలు, ఆదివారం మధ్యాహ్నాలు, రంజాన్ సాయంత్రాలు. రోజుకు పది గంటలు మామూలు, బాంకెట్ (పెద్ద విందు) ఉంటే ఇంకా ఎక్కువ. కొన్నిచోట్ల బ్రేక్ షిఫ్ట్ ఉంటుంది, మధ్యాహ్నం పంపి సాయంత్రం మళ్లీ రమ్మంటారు. ఇల్లు ఎల్బీనగర్‌లో, హోటల్ మాదాపూర్‌లో అయితే ఆ విరామం కాస్తా దారిలోనే పోతుంది. పని దగ్గర్లో గది తీసుకోండి.

ఆడపిల్లను ఈ పనికి పంపొచ్చా?

పంపొచ్చు. బేకరీలో మాత్రమే బాగుంటుందని కొందరు సలహా ఇస్తారు, ఆ మాట వినకండి. తందూర్ దగ్గర, మాంసం కోసే బుచరీలో చక్కగా పనిచేస్తున్న అమ్మాయిలున్నారు. చేరేముందు మాత్రం మొహమాటం లేకుండా కొన్ని అడగాలి. రాత్రి డ్యూటీ అయ్యాక క్యాబ్ ఇంటిదాకా దింపుతుందా? బట్టలు మార్చుకోవడానికి వేరే గది ఉందా? పదిమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాని సభ్యుల పేర్లు గోడమీద కనిపించాలి. ఇవి అడిగితే చిరాకు పడే చోట చేరకండి.

మేం మాంసం ముట్టం. నాకు కుదురుతుందా?

కాలేజీలో మాంసం, చేపలు కోయడం, వండటం సిలబస్‌లో భాగం. అహ్మదాబాద్, భోపాల్, జైపూర్ ఐహెచ్ఎంలు శాకాహార వంటతో చదివే వీలు కల్పించాయి. హైదరాబాద్‌లోనే ఉండాలంటే బేకరీ, మిఠాయిలు, దక్షిణాది టిఫిన్లు, శాకాహార క్యాటరింగ్ పెద్ద రంగాలే. వెయ్యిమంది పెళ్లి భోజనానికి పులిహోర, గుత్తివంకాయ, పప్పు, పూర్ణాలు టైమ్‌కి వడ్డనకు పంపగల మాస్టర్‌కి ఈ ఊళ్లో పనికి కొదవుండదు.

నాకు ఇంగ్లిష్ అంతగా రాదు.

కిచెన్‌లో ముందు కావలసింది హిందీ. బెంగాల్, ఒడిశా, ఉత్తరాఖండ్, నేపాల్ నుంచి వచ్చినవాళ్లతో కలిసి పనిచేయాలి. ఇంగ్లిష్‌లో రెసిపీ చదవడం, ఇండెంట్ (స్టోర్ నుంచి కావలసిన సరుకుల జాబితా) రాయడం వస్తే మొదట చాలు. జూలియన్ (సన్నని పొడుగు ముక్కలు), బ్రునోయిస్ (చిన్న చదరపు ముక్కలు) లాంటి ఫ్రెంచి మాటలు అందరికీ కొత్తవే, ఆర్నెల్లలో నోటికి వచ్చేస్తాయి. పైకి ఎదగాలంటే మాత్రం మాట్లాడే ఇంగ్లిష్ కావాలి, రోజూ కొంచెం నేర్చుకోండి.

క్రూజ్ షిప్, గల్ఫ్ ఉద్యోగాలు మంచివేనా?

డబ్బు బాగుంటుంది, రెండు మూడేళ్ల అనుభవం తర్వాత వెళితే. ఓడలో పనికి ఓడ సిబ్బంది చేయాల్సిన ఎస్‌టీసీడబ్ల్యూ భద్రతా కోర్సులు, ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం సీడీసీ కావాలి. కాంట్రాక్టు నడిచే నెలల్లో వారాంతపు సెలవు ఉండదు. ఓడల్లోకి మనుషుల్ని పంపే ఏజెన్సీకి కేంద్ర నౌకారవాణా విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పిస్తామని మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందు సంప్రదించండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనే మాట నమ్మొద్దు. అలా వెళ్లి చిక్కుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

యూట్యూబ్ ఛానల్, క్లౌడ్ కిచెన్ పెడితే ఉద్యోగం ఎందుకు?

పెట్టొచ్చు, కొంచెం ఆగి. వాహ్‌చెఫ్‌గా మనందరికీ తెలిసిన సంజయ్ తుమ్మ కూడా హోటళ్లలో పనిచేసి, ఆ అనుభవంతోనే కెమెరా ముందుకు వచ్చారు. కూర్చుని తినే చోటు లేకుండా డెలివరీకి మాత్రమే వండే క్లౌడ్ కిచెన్‌లో వంటకంటే లెక్కలే ముంచుతాయి. డెలివరీ యాప్ కమిషన్, ప్యాకింగ్, గ్యాస్, మిగిలిపోయి పారబోసిన సరుకు ఇవన్నీ పోను ప్లేటుకి ఏం మిగులుతుందో తెలియకుండా దిగితే అప్పులే మిగులుతాయి. ఇంటి నుంచి నడిపినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెండేళ్లు ఇంకొకరి కిచెన్‌లో పనిచేసి, అక్కడ సరుకు ఎలా వస్తుంది, ఎంత వృథా అవుతుంది చూడండి.

కోర్సు మొదలయ్యేలోపు ఇంట్లో ఏం చేయాలి?

ఒక మంచి చాకు, సాన రాయి కొనుక్కోండి. రోజూ ఇంట్లో కూరగాయలు మీరే తరగండి. పట్టుకునే చేతి వేళ్లు లోపలికి మడిచి, చాకు వేలి కణుపుకు ఆనేలా తరగడం అలవాటు చేసుకోండి, తెగదు. వేగం గురించి ఆలోచించొద్దు, ముక్కలన్నీ ఒకేలా రావాలి.

రోజూ ఒక గుడ్డు వండండి. పచ్చసొన జారుతున్నప్పుడు, సగం గట్టిపడినప్పుడు, పూర్తిగా ఉడికినప్పుడు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. అమ్మ పప్పులో ఉప్పు వేసేటప్పుడు వేయకముందు, సగం వేశాక, మొత్తం వేశాక మూడుసార్లు రుచి చూడండి. ఉప్పు పడేకొద్దీ పప్పు రుచి ఎలా విచ్చుకుంటుందో మీకే తెలుస్తుంది. అమ్మ చేతి కొలతను ఒక చిన్న త్రాసు మీద తూచి పుస్తకంలో రాయండి. మీ మొదటి రెసిపీ పుస్తకం అదే.

వారానికోసారి మోండా మార్కెట్‌కో, దగ్గర్లోని రైతుబజార్‌కో పొద్దున్నే వెళ్లండి. రాంనగర్ చేపల మార్కెట్‌లో కన్ను మెరుస్తున్న చేపకు, మసకబారిన చేపకు తేడా చూడండి, మొప్పల రంగు చూడండి. బేగంబజార్‌లో షాజీరా, మామూలు జీలకర్ర పక్కపక్కన పెట్టి వాసన చూడండి. దుకాణదారులు విసుక్కోరు, నేర్చుకునే పిల్లలంటే వాళ్లకీ ముచ్చటే.

కిచెన్ ట్రయల్‌కి పిలిచారు. ఎలా వెళ్లాలి?

పావుగంట ముందు చేరండి. గోళ్లు కత్తిరించుకుని, గడ్డం గీసుకుని, ఉంగరాలు, చేతి దారాలు తీసి వెళ్లండి. సెంటు వద్దు. ముందు మూసి ఉండే, జారని బూట్లు, రెండు శుభ్రమైన డస్టర్లు, చిన్న నోట్‌బుక్, పెన్ను, రుచి చూడటానికి సొంత స్పూను పట్టుకెళ్లండి. ఎక్కువగా ఆమ్లెట్, ఒక గ్రేవీ, కూరగాయలు తరగడం ఇలాంటివే అడుగుతారు. కొత్త వంటకంతో మెప్పించాలని చూడకండి, అడిగింది సరిగ్గా చేయండి. ప్లేటు పంపేముందు రుచి చూడండి, టెన్షన్‌లో సగం మంది ఇదే మర్చిపోతారు. తెలియని పనైతే తెలియదని చెప్పి, ఒకసారి చూపించమని అడగండి. ట్రయల్ అయిపోయాక మీ టేబుల్ మీరే తుడిచి, వాడిన గిన్నెలు వాష్ ఏరియాలో పెట్టి, అక్కడ కడిగే అన్నకి ఒక మాట చెప్పి రండి. చెఫ్ దూరం నుంచి చూస్తూనే ఉంటాడు.